దివాను విశ్వేశ్వరయ్యగారును మైసూరు జనశక్తియు

ఒక దేశభాగమును అభివృద్ధికి తెచ్చుటకు పూనుకొన్నవారు మొట్టమొదట నదుల నీటిని, నేలల సారమును, గనుల సంపదను, ఖజానాలోని ధనమును లెక్కింతురు. ఈ లెక్కలు ఆవశ్యకములే. కాని వీనియన్నిటికంటె కష్టమైన లెక్క యింకొకటి కలదు. ఆ ప్రాంతమున నివసించు జనులెవరు, వారిలో ఎవరికి విద్య యబ్బినది, ఎవరికి అబ్బలేదు, కట్టబోవు కర్మాగారములలోను తెరువబోవు కచేరీలలోను పని యెవరికి దొరకును, ఎవరికి దొరకదు అనునదియే ఆ లెక్క. పలు భాషలు, పలు మతములు, పలు కులములు కలసి బ్రతుకు సీమలో ఈ లెక్క తప్పినచో, మిగిలిన లెక్కలన్నియు సరిగానుండియు ప్రణాళిక సగమే ఫలించును. ఈ సత్యమునకు మైసూరు సంస్థాన చరిత్రమును, అందు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితమును గొప్ప నిదర్శనములు.

ఆ మహాశయుని పేరెరుగని తెలుగువారు అరుదు. ఆయన జన్మదినమగు సెప్టెంబరు 15వ తేదీ భారతదేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపబడుచున్నది. ఆయన సమయపాలనమును గూర్చియు, నిజాయితీని గూర్చియు చెప్పుకొను కథలు పెక్కులు. మేము వానిని తిరిగి చెప్పబూనలేదు. 1918లో, కీర్తిశిఖరమున నుండగా, ఆయన దివాను పదవిని వదలుకొనుటకు కారణమైన వివాదమును మాత్రము ఉత్సవసభలలో పెద్దగా ప్రస్తావింపరు. ఆ వివాదము నేటికిని పూర్తిగా చల్లారలేదు. కావున దానిని నడుమనుంచి ఆయన జీవితమును పరిశీలించుట యుక్తమని మా తలంపు.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశమున కంభము, గిద్దలూరు సీమకు చెందిన మోక్షగుండ గ్రామమువారు. విజయనగర రాజుల కాలపు కంభము చెరువు నేటికిని నిలిచియున్న ప్రాంతమది. కొన్ని తరములకు పూర్వము ఆ కుటుంబము మైసూరు సీమకు వలసపోయి, కోలారు జిల్లాలో చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దెనహళ్ళిలో స్థిరపడెను. అచ్చటనే 1861లో విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఇంటి భాష తెలుగు, వీధి భాష కన్నడము, పూజాగృహమున సంస్కృతము, బడిలో ఇంగ్లీషు. కోలారు సీమలో ఇట్టి కుటుంబములు వేలకొలది యుండెను; నేటికిని కలవు. మైసూరు సంస్థానమున కన్నడము తరువాత అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగే. వారు అతిథులు కారు. ఆ మట్టికి పుట్టినవారే.

చిన్ననాటనే తండ్రి గతించుటచే బాలుని చదువు కష్టములపాలయ్యెను. చిక్కబళ్ళాపురములో ప్రాథమిక విద్య ముగించి, బెంగుళూరు చేరి, మేనమామ యండన, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి సంపాదించిన కొలది సొమ్ముతో సెంట్రల్ కాలేజీలో పట్టపరీక్ష ముగించిరి. పిమ్మట మైసూరు ప్రభుత్వము ఉపకారవేతనమిచ్చి పూనాలోని సైన్సు కాలేజీకి పంపెను. 1883లో ఇంజనీరింగు పరీక్షలో ఆయన ప్రథములుగా ఉత్తీర్ణులైరి. ఈ ఉపకారవేతనమును మేము ప్రత్యేకించి పేర్కొనుటకు కారణము కలదు. ఒక పేద విద్యార్థిపై సంస్థానము వెచ్చించిన ఆ కొలది ధనము తరువాత ఎన్ని రెట్లయి తిరిగివచ్చెనో లోకమెరుగును. జనులపై పెట్టిన పెట్టుబడి వంటి పెట్టుబడి వేరొకటి లేదని ఆయన జీవితాంతము నమ్ముటకు ఆయన బాల్యమే మొదటి సాక్ష్యము.

1884లో ఆయన బొంబాయి ప్రభుత్వపు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరిరి. నాసిక, ఖాందేశము, పూనాలలో పనిచేసి, నేడు పాకిస్తానులో చేరిన సక్కరు పట్టణమునకు సింధునది నుండి మంచినీరు తెచ్చు పనిని నెరవేర్చిరి. ఖడక్‌వాస్లా జలాశయముపై 1903లో అమర్చిన స్వయంచాలకములగు తలుపులు ఆయనకు దేశాంతర ఖ్యాతి తెచ్చెను. వరద పెరిగినప్పుడు తమంతట తామే తెరచుకొని, తగ్గినప్పుడు తామే మూసుకొను ఆ తలుపుల వలన కట్ట యెత్తు పెంచకయే నీటినిలువ పెరిగెను.

కాని మా దృష్టిలో, ఆనాటి పనులలో ఆయన బుద్ధిని బాగుగా తెలియజేయునది దక్కను కాలువల క్రింద ఆయన ప్రతిపాదించిన ఖండ సేద్యపద్ధతి. కాలువ తలాపున నున్న కొలదిమంది రైతులు యథేచ్ఛగా నీరు పారించి చెరకు వేయుచుండగా, చివరి గ్రామములకు చుక్క దక్కకుండెను. తలాపు పొలములే నీరు నిలిచి చెడుచుండెను. దోమలు, చలిజ్వరములు ప్రబలుచుండెను. విశ్వేశ్వరయ్యగారు ప్రతి గ్రామమునందు మంచి నేలను ఖండములుగా ఏర్పరచి, ఆ ఖండమున మూడవవంతు చెరకునకు, తక్కినది తక్కువ నీటి పైరులకు కేటాయించి, యేటేట పైరు మార్చుచు నీటిని పెక్కు గ్రామములకు పంచవలెనని చెప్పిరి. మొదట ఈ పద్ధతిని ఎదిరించినవారు కలరు. నీరు ఎక్కువమందికి అందినప్పుడే కాలువపై పెట్టిన ధనము సార్థకమగునని ఆయన వాదించి గెలిచిరి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను; ముందు దీనితో పనియున్నది.

బొంబాయి ఉద్యోగమున ఆయన పలువురు పెద్దలను దాటి పైకి వచ్చిరి. కాని ఆ శాఖలో ప్రధాన ఇంజనీరు పదవి ఆనాడు ఆంగ్లేయులకే దక్కుచుండెను. సామర్థ్యమున తనకెవ్వరును సాటిరారని తెలిసియు జన్మము కారణముగా ఆ తలుపు మూసియుండుట చూచి, 1908లో తమంతట తామే ఉద్యోగ విరమణ చేసి ఐరోపా, అమెరికా ఖండముల సంచారమునకు బయలుదేరిరి.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీనది పొంగి వేలకొలది ప్రజలను బలిగొనెను. నైజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానింపగా 1909లో ఆయన హైదరాబాదు వచ్చి, నగరమునకు ఎగువన రెండు జలాశయములు కట్టి వరదను అరికట్టవలెననియు, నగరమునకు మురుగు కాలువల యేర్పాటు చేయవలెననియు నివేదిక సమర్పించిరి. ఆ ప్రకారమే 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియయ్యెను. హైదరాబాదులోని తెలుగువారు తరతరములుగా త్రాగిన గండిపేట నీటికి మూలము ముద్దెనహళ్ళి తెలుగు బిడ్డని లేఖిని నుండి వచ్చిన ఆ నివేదికయే.

1909 చివర మైసూరు ప్రభుత్వము ఆయనను ప్రధాన ఇంజనీరుగా పిలిపించుకొనెను. మహారాజు నాల్గవ కృష్ణరాజ వొడయరు ప్రజాభ్యుదయమునందు నిజమైన ఆసక్తి గలవారు. కావేరిపై కన్నంబాడి వద్ద 1911లో ఆరంభమైన పెద్ద ఆనకట్టకు, నేటి కృష్ణరాజసాగరమునకు, విశ్వేశ్వరయ్యగారు ప్రధాన కర్తలు. 1902 నుండి శివసముద్రము వద్ద పుట్టు విద్యుచ్ఛక్తి కోలారు బంగారు గనులకు పోవుచుండెను; వేసవిలో నది సన్నగిల్లినప్పుడు ఆ శక్తి తగ్గకుండ నుండవలెనన్నను, సేద్యము పెరుగవలెనన్నను జలాశయము తప్పదు. క్రింది భాగమున నున్న మద్రాసు ప్రభుత్వము అభ్యంతరము చెప్పుటచే 80 అడుగుల కట్టకే మొదట అనుమతి లభించెను. ముందుచూపు గల ఇంజనీరు పునాదిని మాత్రము పెద్ద కట్టకు తగినట్లే వేయించిరి. మధ్యవర్తిత్వములు, అప్పీళ్ళు నడచిన పిదప 1924లో రెండు ప్రభుత్వములకును ఒడంబడిక కుదిరి, కృష్ణరాజసాగరము క్రింద 1,25,000 ఎకరముల క్రొత్త సేద్యమునకు మార్గమేర్పడెను.

కాని ఆనకట్టతోనే దేశము బాగుపడదని ఆయన యెరుగుదురు. 1911 జనాభా లెక్కల ప్రకారము మైసూరు సంస్థానమున సుమారు 58 లక్షల జనులుండిరి. వారిలో కన్నడిగులు, తెలుగువారు, తమిళులు, హిందూస్థానీ మాటలాడు మహమ్మదీయులు, తుళు, కొంకణి, మరాఠీ మాతృభాషలుగా గలవారు కలరు. ఒక్కలిగులు, లింగాయతులు, బ్రాహ్మణులు, కురుబలు, బేడరులు, ఆదిమ జాతులవారు, అస్పృశ్యులుగా చూడబడినవారు కలరు. కోలారు గనులలో లోతునకు దిగి పనిచేయువారు ఎక్కువగా చిత్తూరు, ఉత్తరార్కాడు సీమల నుండి వచ్చిన తెలుగు, తమిళ కూలీలు. ఇందరిలో వ్రాయను చదువను నేర్చినవారు నూటికి ఆరుగురు. ఈ జనసముద్రమును మేలుకొలుపుట యెట్లు?

1911 జూనులో నెలకొల్పబడిన మైసూరు ఆర్థిక సమ్మేళనము ఈ ప్రశ్నకు విశ్వేశ్వరయ్యగారు యోచించిన సమాధానము. వ్యవసాయము, పరిశ్రమలు-వాణిజ్యము, విద్య అను మూడు విషయములకు మూడు సంఘములేర్పడెను. అధికారులును, అనధికారులగు రైతులు, వర్తకులు, ఉపాధ్యాయులును అందు కలసి కూర్చుండిరి. జిల్లాలలోను, తాలూకాలలోను శాఖలు పుట్టెను. ప్రతి ప్రాంతమున పంటయెంత, మగ్గములెన్ని, బడులెన్ని, బడికి పోని పిల్లలెందరు అని లెక్కలు కట్టించి, యేడాదికేడాది ఆ లెక్క మారుచున్నదో లేదో చూచుట సమ్మేళనపు పని. భారత ప్రభుత్వము 1950లో ప్రణాళికా సంఘమును నెలకొల్పుటకు దాదాపు నలుబది సంవత్సరములకు పూర్వము, ఒక దేశీయ సంస్థానమున, ప్రాంతీయాభివృద్ధి ప్రణాళిక అను భావమునకు ఇట్లు రూపమేర్పడెను.

1912 నవంబరులో ఆయన దివానులైరి. పదవిని స్వీకరించుటకు ముందు బంధువులను పిలిచి, తమ కొరకు గాని ఇతరుల కొరకు గాని ఎన్నడును ఏ సిఫారసును అడుగబోమని మాట తీసికొనిరని ప్రసిద్ధి. తరువాతి ఆరేండ్లలో జరిగిన పనులను మేము క్లుప్తముగా చెప్పుదుము. 1913లో మైసూరు బ్యాంకు, హెబ్బాళ వ్యవసాయ పాఠశాల, నిర్బంధ ప్రాథమిక విద్యా శాసనము. 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము, వర్తక మండలి, గంధపు నూనె కర్మాగారము. పిదప సబ్బుల కర్మాగారము. భద్రావతి ఇనుప కార్ఖానాకు ఏర్పాట్లు. 1914లో ఐరోపా యుద్ధము వచ్చి మైసూరు గంధపు చెక్క జర్మనీకి పోవుట ఆగిపోగా, చెక్కనమ్ముటకు బదులు నూనెను ఇచ్చటనే తీసిన లాభమేమని ఆలోచించి, బెంగుళూరు విజ్ఞానసంస్థ ఆచార్యుల సాయముతో ఆ పరిశ్రమను ఆరంభించిన తీరు ఆయన పద్ధతికి మంచి యుదాహరణము. పట్టుపురుగుల పెంపకమునకు ఇటలీ నిపుణుని రప్పించిరి.

ఈ పనులన్నిటిలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది విద్యాభివృద్ధి. ఆయన దివానుగిరిలో బడులలోని పిల్లల సంఖ్య రెండింతలకు మించెను. బాలికా విద్యకును, చేతిపనుల పాఠశాలలకును, సంచార గ్రంథాలయములకును ప్రోత్సాహము లభించెను. వెనుకబడిన తరగతుల బాలబాలికలకు ఉపకారవేతనములు ఏర్పడెను. దేశములోని సంస్థానములలో విశ్వవిద్యాలయమును స్థాపించిన మొదటి సంస్థానము మైసూరే. చదువుకొన్న యువకుడు మద్రాసునకో బొంబాయికో పోనక్కరలేక స్వదేశముననే నేర్చి, స్వదేశముననే పనిచేయవలెనని దివానుగారి సంకల్పము. మనుష్యుల శక్తిని దేశసంపదగా నెంచి, దానిని లెక్కించి, పెంచబూనిన పాలకులలో ఆయన అగ్రగణ్యులు.

అయినను ఇచ్చటనే చిక్కు వచ్చెను. బడులు పెరిగినకొలది క్రొత్తగా చదువుకొన్న ఒక్కలిగ, లింగాయత, మహమ్మదీయ యువకులు సర్కారు కచేరీల వైపు చూచిరి. అచ్చట వారికి కనిపించినదేమి? జనసంఖ్యలో నూటికి నలుగురు కూడ లేని బ్రాహ్మణులు 1918 నాటికి గెజెటెడ్ ఉద్యోగములలో ఇంచుమించు మూడింట రెండు వంతులు అనుభవించుచుండిరి. అంతకుముందు మైసూరులో ఉద్యోగ వివాదము మద్రాసు నుండి వచ్చిన తమిళ బ్రాహ్మణాధికారులకును, స్థానిక బ్రాహ్మణులకును నడుమ నడచినది. మైసూరు ఉద్యోగములు మైసూరువారికే చెందవలెనను కేక అప్పటిది. ఇప్పుడా కేకకు క్రొత్త అర్థము వచ్చెను. మైసూరువారనగా ఎవరు, కచేరీలలోనున్న కొలదిమందియా, పొలములలోనున్న లక్షలమందియా అని ప్రశ్న పుట్టెను.

1917లో ప్రజామిత్ర మండలి యేర్పడెను. దానికి ప్రోద్బలము కలిగించినవారిలో ముఖ్యులు మరియొక తెలుగు ప్రముఖులు, కట్టమంచి రామలింగారెడ్డిగారు. చిత్తూరు సీమలో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, మైసూరు మహారాజా కాలేజీలో ఆచార్యులై, సంస్థాన విద్యాశాఖలో ఉన్నతాధికారులై, మైసూరు విశ్వవిద్యాలయ స్థాపనలో విశ్వేశ్వరయ్యగారికి తోడ్పడిన ఆయనయే ఈ విషయమున దివానుగారికి ఎదుటి పక్షమున నిలిచిరి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైన వారీయనయే. ఒకే సంస్థానమున ఇరువురు తెలుగు మేధావులు, ఇరువురును విద్యయే దేశమునకు ప్రాణమని నమ్మినవారు, విద్య పిదప వచ్చు ఉద్యోగ విషయమున విడిపోయిరి. ఇది వ్యక్తుల తగవు కాదు. రెండు న్యాయముల సంఘర్షణము.

1918లో బ్రాహ్మణేతర నాయకులు మహారాజును దర్శించి విన్నవించుకొనగా, ఆయన ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి సర్ లెస్లీ మిల్లరుగారి అధ్యక్షతను ఒక విచారణ సంఘమును నియమించిరి. విశ్వేశ్వరయ్యగారు దీనికి సమ్మతింపలేదు. ఆయన వాదము కపటము కాదు. రాజ్య నిర్వహణము సమర్థుల చేతిలోనే యుండవలెను. కులమునుబట్టి ఉద్యోగములిచ్చినచో పని చెడును, పని చెడినచో ముందుగా నష్టపోవువారు పేదలే. వెనుకబడినవారికి విద్యను, ఉపకారవేతనములను సమృద్ధిగా నిచ్చి వారిని పోటీకి సిద్ధపరచుటయే న్యాయము. అదిగాక సర్కారు ఉద్యోగములు ఎన్ని యని? పరిశ్రమలు వర్ధిల్లినచో అందరికిని పని దొరకును. ఇది ఆయన పక్షము. తన మాట చెల్లనిచోట పదవిలో నుండుట ఆయన స్వభావము కాదు. 1918 డిసెంబరులో పదవిని వీడిరి. మహారాజునకును ఆయనకును నడుమ గౌరవము చెడలేదు. మహారాజు మేనమామగారగు కాంతరాజ అరసుగారు దివానులైరి.

మిల్లరు సంఘము 1919లో నివేదిక నిచ్చెను. బ్రాహ్మణులు, ఐరోపీయులు, ఆంగ్లో ఇండియనులు తప్ప తక్కిన జాతులవారందరిని వెనుకబడినవారిగా పరిగణించి, ఏడేండ్లలోపల పై ఉద్యోగములలో సగము, క్రింది ఉద్యోగములలో మూడింట రెండు వంతులు వారికి చేరునట్లు చేయవలెనని సలహా చెప్పెను. 1921లో మైసూరు ప్రభుత్వము ఆ విధానమును స్వీకరించి ఉత్తరువు వెలువరించెను. ఆ యేడాదియే మద్రాసులో జస్టిసు మంత్రివర్గము తన మొదటి కమ్యూనల్ ఉత్తరువును జారీచేసెను. హైదరాబాదులో 1919 నాటి ఫర్మానా ఉద్యోగములు ముల్కీలకే చెందవలెనని శాసించెను. ముల్కీ వివాదము 1969లో తెలంగాణములో ఎట్టి యుద్యమమునకు కారణమయ్యెనో, 2014లో ప్రత్యేక రాష్ట్రము వరకు ఆ కథ ఎట్లు సాగెనో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఒకే కాలమున, పొరుగుపొరుగున, మూడు ప్రభుత్వములు ఒకే ప్రశ్ననెదుర్కొనుట యాదృచ్ఛికము కాదు. విద్య వ్యాపింప మొదలిడిన బహుజాతి సీమలన్నిట ఈ ప్రశ్న పుట్టియే తీరును.

మరి యెవరి పక్షము సరియైనది? మా యభిప్రాయమును స్పష్టముగా చెప్పుదుము. విశ్వేశ్వరయ్యగారి వాదమున సత్యము లేకపోలేదు. విద్య లేక ఉద్యోగము మాత్రమిచ్చిన అది నిలువదు. కచేరీ కుర్చీల పంపకముతో ఏ దేశమును సంపన్నము కాదు. కాని పోటీ పరీక్ష అందరికిని సమానమని ఆయన తలచుట యందు లోపమున్నది. తరతరముల నుండి పుస్తకములతో పెరిగిన ఇంటి బాలుడును, ఇంటిలో మొదటిసారి పలక పట్టిన బాలుడును ఒకే గీత నుండి పరుగెత్తజాలరు. బొంబాయిలో ఆంగ్లేయులును తమ గుత్తాధికారమును సామర్థ్యము పేరనే సమర్థించుకొనిరి. ఆ తలుపు మూసియుండుట యెంత బాధాకరమో అనుభవమున నెరిగిన మహనీయుడు, మైసూరులో తలుపు వెలుపల నిలిచినవారి బాధను సంపూర్ణముగా గ్రహింపలేకపోయిరని మాకు తోచుచున్నది.

ఖండ సేద్యపద్ధతిని పాఠకులు మరల తలచుకొందురు గాక. తలాపు రైతులు నైపుణ్యము గలవారే. చెరకు బాగుగనే పండించుచుండిరి. అయినను నీరంతయు వారికే యిచ్చుట ఆయనకు సమ్మతము కాలేదు. చివరి గ్రామములకును నీరు చేరునట్లు వంతు లేర్పరచిరి. దానివలన కాలువ చెడలేదు. తలాపు నేలలును బాగుపడెను. రాజ్యాధికారమును ఒక కాలువవంటిదే. అది కొలది ఖండములలోనే నిలిచిపోయినచో ఆ ఖండములకును కీడే. నీటి విషయమున ఆయన స్వయముగా స్థాపించిన న్యాయమునే మిల్లరు సంఘము ఉద్యోగముల విషయమున అనువర్తింపజేసెను.

మిల్లరు ఉత్తరువుచే మైసూరు పాలనము కుప్పకూలెనా? లేదు. 1926 నుండి 1941 వరకు దివానుగిరి చేసిన మీర్జా ఇస్మాయిలుగారి కాలమున క్రొత్త పరిశ్రమలు వచ్చెను. కృష్ణరాజసాగరపు కాలువ మండ్య సీమకు చేరెను. మైసూరు ఆదర్శ సంస్థానమని పేరొందెను. విశ్వేశ్వరయ్యగారు వేసిన పునాదులు లేనిచో పంచుకొనుటకు ఏమియు నుండెడిది కాదు. మిల్లరు సంఘము చూపిన త్రోవ లేనిచో ఆ పునాదులపై లేచిన సౌధమున కొలదిమందియే నివసించెడివారు.

పదవిని వీడిన పిదప ఆయన పనిచేసిన కాలము, పదవిలోనున్న కాలముకంటె అనేక రెట్లు ఎక్కువ. 1923లో ఉత్పత్తి మొదలిడి నష్టములలో మునిగిన భద్రావతి ఇనుప కార్ఖానా నిర్వహణ భారమును 1929 వరకు వహించి, విదేశీయ నిపుణుల స్థానమున స్థానికులను తరిఫీదు చేసి నియమించి ఖర్చు తగ్గించిరి. ఆ పనికి తనకు రావలసిన ప్రతిఫలమును వృత్తివిద్యకు వినియోగింపవలెనని కోరిరి; 1943లో బెంగుళూరులో తెరువబడిన శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యాలయము దాని ఫలము. చదువు బొత్తిగా తక్కువైన యువకుడు కూడ ఒక యంత్రమును నడుపుట నేర్చినచో గౌరవముగా బ్రతుకగలడని ఆయన నమ్మిక. కచేరీ ద్వారమున తెగని ముడిని కార్ఖానా ద్వారమున విప్పవలెనని ఆయన యత్నించినట్లు మేము భావింతుము.

1934లో ఆయన భారతదేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థికవిధానమును గూర్చి గ్రంథము ప్రకటించిరి. పదేండ్లలో జాతీయాదాయమును రెండింతలు చేయుట, భూమిపై ఆధారపడిన జనభారమును తగ్గించి పరిశ్రమలకు మరలించుట దాని ముఖ్యోద్దేశములు. 1938లో కాంగ్రెసు నియమించిన జాతీయ ప్రణాళికా సంఘమున ఆయన సభ్యులు. ఒరిస్సాలో మహానది వరదలను నివారించుటకు నదీగర్భమున జలాశయములు కట్టుటను గూర్చి పరిశోధింపవలెనని 1930ల ఉత్తరార్ధమున ఆయన చేసిన సూచన తరువాతి హీరాకుడ్ ఆనకట్టకు దారితీసెను. తొంబది యేండ్లు దాటిన పిదప గంగానదిపై మొకామా వంతెనకు స్థలనిర్ణయము చేయు సంఘమునకు అధ్యక్షత వహించిరి. 1955లో భారతరత్న బిరుదము లభించెను. 1962 ఏప్రిలులో, నూరేండ్లు నిండిన పిదప, బెంగుళూరులో పరమపదించిరి. ముద్దెనహళ్ళిలోనే అంత్యక్రియలు జరిగెను.

ఆయన మరణించిన ఆ 1962లోనే, జూలై 31వ తేదీన, మైసూరు ప్రభుత్వము ఇంజనీరింగు, వైద్య కళాశాలలలో నూటికి 68 స్థానములను ప్రత్యేకించుచు ఉత్తరువు చేసెను. సెప్టెంబరులో భారత సర్వోన్నత న్యాయస్థానము బాలాజీ వ్యాజ్యమున ఆ ఉత్తరువును కొట్టివేసి, ఇట్టి ప్రత్యేక స్థానములు సామాన్యముగా సగమునకు లోబడియుండవలెనని తీర్పు చెప్పెను. వెనుకబడినవారికి ప్రత్యేకావకాశము న్యాయమే; అది మితి మీరరాదు; కులమొక్కటే కొలబద్ద కారాదు అని ఆ తీర్పు సారము. 1918లో విడిపోయిన రెండు వాదములును నలువదినాలుగేండ్ల పిదప ఒకే తీర్పులో చోటు చేసికొనెను. అటుపిమ్మట దేశమున జరిగిన చర్చయంతయు ఈ రెండింటి నడుమ గీత యెచ్చట గీయవలెనను దానిని గూర్చియే.

ఇక తమ భాష మాటలాడని రాజధానులలో వృత్తులు సాగించు తెలుగువారికి ఈ జీవితము నేర్పు పాఠమేమి? విశ్వేశ్వరయ్యగారు తెలుగువారని గర్వించుట సహజమే. కాని ఆయన తెలుగువారికై మైసూరును పాలింపలేదు. కన్నడమునకు పరిషత్తును నెలకొల్పుటకు తోడ్పడిరి. కన్నడ దేశమునకు విశ్వవిద్యాలయమును కట్టిరి. నూరేండ్లు గడచినను కన్నడిగులు ఆయనను పరాయివారిగా నెంచకుండుటకు కారణమిదియే. ఇతర సీమలలో స్థిరపడిన ప్రజకు గౌరవస్థానము తెచ్చునది పూర్వుల గ్రామనామము కాదు. ఉన్నచోట చేసిన సేవ. అట్లే, తమ విద్యచే పదవులనందుకొన్నవారు, ఆ పదవుల ద్వారమున వేచియున్న స్థానికులను పోటీదారులుగా గాక రేపటి సహచరులుగా చూడవలెను. చూడనిచో వివాదము నిశ్చయము.

నేడును ప్రభుత్వములు ప్రాంతీయాభివృద్ధికి సంఘములను నియమించుచునే యున్నవి. నదుల అనుసంధానము, పారిశ్రామిక వాటికలు, రహదారులు, ఓడరేవులు అను పేర లక్షల కోట్ల లెక్కలు ప్రకటింపబడుచున్నవి. ఆ పట్టికలలో ఇంకొక పుట చేర్చుట మరువరాదు. ఆ ప్రాంతపు ఏ భాషవారికి, ఏ తెగవారికి, ఏ గ్రామమువారికి అందు పని దొరకును, అందుకు వారినెవరు, ఎన్నేండ్లలో సిద్ధపరతురు అనునదే ఆ పుట. విశ్వేశ్వరయ్యగారి కాలమున ఆ పుటను వ్రాయుటకు వేరొక సంఘము కావలసివచ్చెను. ఆయన పదవియును పోవలసివచ్చెను. ఆ మహాశయునియెడ నిజమైన భక్తి గలవారు ఆ పుటను ప్రణాళికలో మొదటనే చేర్తురు గాక.